ఐదో ఆదివారం ఎవరిది?

నవంబరు వచ్చిందంటే మా లూథరన్ చర్చి సంఘంలో గోడ క్యాలెండర్ పని మొదలవుతుంది. పైన యేసుప్రభువు, ఆయన కింద పాస్టరు అయ్యగారు, అమ్మగారు, ఆ కింద పాస్‌పోర్టు సైజులో సంఘ పెద్దలు, అన్నిటికంటే అడుగున డబ్బు పెట్టిన చీరల కొట్టు ఫోన్ నంబర్లు. మిగిలిన జాగాలో తేదీలు. ఎర్రగా ఉన్న గళ్ళలో సన్నటి అక్షరాలతో ఏ ఆదివారం ఎవరిదో అచ్చు వేస్తాం. మొదటి ఆదివారం సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. రెండోది యువజనులది. మూడోది మా స్త్రీల సమాజానిది. నాలుగోది సండే స్కూలుది. వీటి మీద మట్టల ఆదివారం, పెంతెకొస్తు, త్రిత్వ ఆదివారం లాంటి పెద్ద పండుగలు వచ్చి కూర్చుంటాయి. సందుల్లో బైబిల్ సొసైటీ ఆదివారం, మిషన్ ఆదివారం, పురుషుల ఆదివారం, కోతల పండుగ ఇరుక్కుంటాయి. ఒక ఆదివారానికి పేరు పడిందంటే దానికో కవరు కూడా పడినట్టే. పైన 'ప్రత్యేక కానుక' అని ఉంటుంది, కింద పేరు, కుటుంబం, మొత్తం అని గీతలు.

ప్రూఫులు దిద్దే పని ఎప్పటినుంచో నాది. 2027 క్యాలెండర్‌లో ఐదు ఆదివారాలు వచ్చే నెలలు నాలుగున్నాయి. జనవరి 31, మే 30, ఆగస్టు 29 గళ్ళు ఖాళీ. నాలుగోది అక్టోబరు 31, దాంట్లో సంస్కరణ ఆదివారం అని ఉంది, సరే. మిగతా మూడింటికీ సొంతదారు లేడు. ఐదో ఆదివారం ఏ సమాజానిదీ కాదు కాబట్టి ఆ రోజు ఎవరు పాడాలో, ఎవరు వాక్యం చదవాలో తొమ్మిదిన్నర దాకా తేలదు.

ఈ ఖాళీ గళ్ళ కోసం నేను కొన్ని ఆదివారాలు కల్పించి కమిటీ ముందు చదివాను. ఐతుకు ఆదివారం, మార్త ఆదివారం, రోహిణి కార్తె ఆదివారం, మిరపకోతల ఆదివారం, ఇలా. బాగా నవ్వారు. నవ్వాలనే రాశాను. నవ్వయ్యాక ఒక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "జోకులు బాగున్నాయమ్మా, ఇక పనిలోకి వద్దాం" అన్నారు. నేను చెప్పింది కూడా పనే. అక్కడ సగంలో ఆగిపోయిన మాట ఇక్కడ పూర్తిగా చెప్పుకుంటాను.

మన ప్రత్యేక ఆదివారాల్లో ప్రత్యేకంగా జరిగేదేమిటో ఒకసారి చూడండి. స్త్రీల ఆదివారం నాడు కీర్తనలు పాడేది స్త్రీలు, వాక్యం చదివేది స్త్రీలు, ఆరాధన తర్వాత టీ పెట్టి గ్లాసులు కడిగేదీ స్త్రీలే. ప్రసంగం మాత్రం వేరే ఊరి నుంచి వచ్చిన అయ్యగారిది, అంశం 'గుణవతియైన భార్య దొరుకుట అరుదు'. వృద్ధుల ఆదివారం నాడు డెబ్బై దాటినవాళ్ళందరినీ ముందుకి పిలిచి శాలువాలు కప్పుతారు. వాళ్ళలో మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఆ నాలుగు మెట్లు ఎక్కడానికి పడే అవస్థ అందరం చూస్తాం, చప్పట్లు కొడతాం. మర్నాటికి మెట్ల పక్కన కమ్మీ ఏమీ రాదు. పైగా ఆ రోజుకి వాళ్ళ సంగతి అయిపోయింది కాబట్టి మళ్ళీ ఏడాది దాకా ఎవరికీ గుర్తు చేసుకోవాల్సిన పని ఉండదు. నా అభ్యంతరం ఇదే. ఒక సంగతికి ఒక ఆదివారం ఇచ్చామంటే దాన్ని తలకెత్తుకున్నట్టు కాదు, చాలాసార్లు దించేసుకున్నట్టు.

అందుకే నా ఆదివారాలకి నేనో షరతు పెట్టుకున్నాను. ఆ రోజు ప్రసంగానికి కొత్త అంశం అక్కర్లేదు. చేతల్లో ఏదో ఒకటి మారాలి. ఎప్పుడూ కూర్చునేవాళ్ళు నిలబడాలి, ఎప్పుడూ నిలబడేవాళ్ళు కూర్చోవాలి, ఎప్పుడూ మాట్లాడేవాళ్ళు వినాలి. కవరు మాత్రం వద్దు.

దేవుని మందిరంలో పరాచికాలా అని అడిగేవాళ్ళుంటారు. నవ్వు గురించి బైబిల్లో మొదట గట్టిగా చెప్పింది శారా. "దేవుడు నాకు నవ్వు కలుగజేసెను" అని ముసలితనంలో కన్న కొడుకుని ఒళ్ళో పెట్టుకుని అంది. ఇక కొత్త ఆదివారాలు కల్పించడమా అంటే, ఇప్పుడున్నవన్నీ ఎవరో ఒకరు కల్పించినవే. త్రిత్వ ఆదివారాన్ని పశ్చిమ సంఘమంతటికీ పండుగగా ఖాయం చేసింది 1334లో ఒక పోపు. ఆయన తర్వాత రెండు శతాబ్దాలకి మా సంఘానికి పేరిచ్చిన లూథర్ గారు చాలా వాటిని తీసేశారు గానీ దీన్ని ఉంచారు. క్రీస్తు రాజు పండుగ ఇంకా చిన్నది, 1925లో పదకొండో పయస్ పెట్టింది. అక్టోబరు మొదటి ఆదివారం అందరం కలిసి సంస్కారం తీసుకునే ప్రపంచ సంస్కార ఆదివారం 1933లో అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని ఒక ప్రెస్బిటేరియన్ సంఘంలో మొదలైంది. ఆ సంఘంలో కూడా ఎవరో పెద్దాయన కళ్ళజోడు తుడుచుకునే ఉంటారు.

ఇంగ్లండులో ఇంకో ముచ్చట ఉంది. క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలానికి ముందు వచ్చే ఆదివారం నాడు చదివే ప్రార్థన, 'ప్రభువా, నీ ప్రజల చిత్తములను కదిలించుము' అన్న భావంతో మొదలవుతుంది. అది 1549 నాటి ప్రార్థన పుస్తకంలోనే ఉంది. 'కదిలించు' అన్న ఆ ఇంగ్లీషు మాట 'స్టర్'కి గరిటెతో కలపడమనీ అర్థం, అది చెవిన పడగానే ఇల్లాళ్ళకి క్రిస్మస్ పుడ్డింగు పిండి కలపాలన్న సంగతి గుర్తొచ్చేదట. దాంతో ఆ ఆదివారానికే కలిపే ఆదివారం అన్న పేరు స్థిరపడిపోయింది. ప్రార్థన పుస్తకం ఒకటి అనుకుంటే వంటిల్లు ఇంకొకటి విన్నది, చివరికి నిలిచింది వంటింటి పేరు. మన దగ్గర డిసెంబరు మూడో వారంలో సగం మంది ఆడవాళ్ళు ఆరాధనలో కూర్చుని అరిసెల పాకం గురించే ఆలోచిస్తుంటారు. పాకం ఆదివారం అని పెడితే కనీసం నిజం చెప్పినట్టుంటుంది.

మా లూథరన్ మిషన్‌ని ఇక్కడ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టి, అమెరికాలో పాదిరీ అయి, 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టారు. ఆయన వెంట సువార్తతో పాటు ఒక క్యాలెండర్ కూడా వచ్చింది. ఆ క్యాలెండర్ చలిదేశాల పొలాల మీద తయారైంది. ఈస్టరు తర్వాత ఐదో ఆదివారాన్ని వాళ్ళు పంటల కోసం వేడుకునే ఆదివారంగా పాటిస్తారు. ఊళ్ళో అందరూ పొలిమేరల వెంట నడిచి, మొలకెత్తిన పైరుని దీవించమని అడుగుతారు. అది వాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. మనకి ఆ ఆదివారం ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో పడుతుంది. అప్పుడు మన పొలాల్లో దీవించడానికి ఏముంది? పత్తి మోళ్ళు, పగుళ్ళిచ్చిన నల్లరేగడి, మేకలు. మనకి దుక్కి ఏరువాకతో, కాలవ నీళ్ళతో మొదలవుతుంది. జూన్‌లో పెట్టాల్సిన ప్రార్థన మే నెలలో పెడుతున్నాం, అదీ పైన ఫ్యాన్ తిరగని హాల్లో.

ఫ్యాన్ అన్నాను కాబట్టి రోహిణి కార్తె ఆదివారం ముందు చెబుతాను. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మే 25 ప్రాంతంలో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటుంది. పెంతెకొస్తు పండుగ ఎంత ముందొచ్చినా మే 10, ఎంత వెనక్కి జరిగినా జూన్ 13. అంటే ఏ సంవత్సరమైనా మంచి ఎండల్లోనే. అగ్నినాలుకలు దిగివచ్చిన పండుగ గుంటూరులో ఎవరికీ వివరించక్కర్లేదు. అయినా మేం పది గంటలకి మొదలుపెట్టి పన్నెండున్నరకి వదులుతాం. అయ్యగారు తెల్ల అంగీ, దాని మీద ఇంకో బట్ట వేసుకుని చెమటలు కక్కుతారు. మిర్చి యార్డుకి కూడా ఎండాకాలం సెలవులుంటాయి. ఆరాధన వేళ మార్చమంటే మాత్రం 'మన పెద్దల కాలం నుంచీ పదింటికే' అంటారు. ఆ పెద్దల్లో దొరలకి వేసవిలో కొండల మీదికి వెళ్ళే అలవాటుండేదని ఎవరూ గుర్తు చేయరు.

కాబట్టి ఆ ఆదివారం ఆరాధన ఉదయం ఆరింటికి, ఏడుంబావుకి ముగింపు, గేటు దగ్గర మజ్జిగ. ఇంకో నియమం ఉంది, అది ఫ్యాన్ల గురించి. మా చర్చిలో ప్రతి ఫ్యాన్ రెక్క మీదా ఫలానా వారి జ్ఞాపకార్థం అని ఎర్ర పెయింటుతో ఉంటుంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు ఆ పేరు కనపడదు. కరెంటు పోయినప్పుడు మాత్రం అందరం తల పైకెత్తి శ్రద్ధగా చదువుతాం. ఇచ్చినవాళ్ళ కుటుంబం సరిగ్గా తమ ఫ్యాన్ కిందే కూర్చుంటుంది, తరతరాలుగా. రోహిణి కార్తె ఆదివారం నాడు ఫ్యాన్ కింద జాగా పనిమనుషులకి, వాచ్‌మెన్లకి, బీపీ ఉన్న ముసలివాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి. ఫ్యాన్ ఇచ్చిన కుటుంబాలు కిటికీ పక్కన. యేసు కానుక పెట్టె ఎదురుగా కూర్చుని ఎవరెవరు ఎంత వేస్తున్నారో చూశాడని మార్కు రాశాడు. రెండు కాసులు వేసిన విధవరాలి పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. ఆమెని మన సంఘంలో చేర్చుకుని ఉంటే మైకులో చదివి, రసీదిచ్చి, రెక్క మీద రాయించేవాళ్ళం.

కిటికీ అనగానే ఐతుకు. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం. త్రోయ అనే ఊళ్ళో అపొస్తలుడైన పౌలు మర్నాడు వెళ్ళిపోవాలి కాబట్టి అర్ధరాత్రి దాకా ప్రసంగం సాగించాడు. మేడగదిలో అనేక దీపాలున్నాయని ఆ పుస్తకం రాసిన లూకా పనిగట్టుకుని రాశాడు. దీపాలంటే సెగ, పొగ, ఊపిరాడకపోవడం. ఐతుకు అనే కుర్రాడు గాలి కోసమేనేమో కిటికీలో కూర్చున్నాడు, నిద్రలో జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఎత్తి చూస్తే చనిపోయి ఉన్నాడు. పౌలు దిగి వెళ్ళి కౌగిలించుకున్నాడు, ప్రాణమొచ్చింది. ఆ తర్వాత పౌలు మళ్ళీ మేడెక్కి రొట్టె విరిచి తెల్లారే దాకా మాట్లాడాడు. నాకు ఈ భాగంలో అన్నిటికంటే నచ్చేది ఈ చివరి మాటే. ప్రసంగీకుడి పట్టుదల అంటే అది.

ఈ వాక్యం మీద నేను విన్న ప్రసంగాలన్నీ 'ఆత్మీయ నిద్ర' గురించే. కిటికీలో కూర్చోవడమంటే లోకానికీ సంఘానికీ మధ్య ఊగిసలాడటమట. ప్రసంగం పొడుగు గురించి ఒక్కరూ మాట్లాడరు. అధ్యాయమంతా వెతికినా లూకా ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అన్లేదు. 'పౌలు విస్తారముగా ప్రసంగించుచుండగా' అని మాత్రం రాశాడు. వైద్యుడు కదా, కారణం ఎక్కడుందో ఆయనకి తెలుసు.

ఐతుకు ఆదివారం నాడు వేదికకి ఎదురుగా గోడకి గడియారం ఉంటుంది. ఇప్పుడు అది ప్రసంగీకుడి వీపు వెనక ఉంది, అంటే టైమెంతయిందో మాకందరికీ తెలుస్తుంది, ఆయనకి తప్ప. సండే స్కూలు పిల్లల్లో ఒకరి చేతికి గంట ఇస్తాం, పదిహేను నిమిషాలకి కొట్టమని. ఆ రోజు బెంచీ మీద కూర్చోవాల్సింది ప్రసంగీకులు. మా అయ్యగారు, రిటైరైన అయ్యగార్లు, ఉపదేశకులు, మైకు దొరికితే వదలని పెద్దలు. వెనక వరసలో, స్తంభం చాటున, స్పీకర్ బాక్సు పక్కన. "హల్లెలూయ గట్టిగా చెప్పండి, సరిపోలేదు, ఇంకోసారి" అని ఎవరో ఒకరు వాళ్ళని అనాలి. పదకొండున్నర తర్వాత ఇంట్లో పొద్దున్నే తెచ్చిపెట్టిన మటన్ గురించి వాళ్ళకీ ఆలోచన రావాలి.

కృష్ణ అవతలి ఒడ్డున, అంటే విజయవాడ వైపు, కొత్త సంఘాల వాళ్ళు ఈ ఆదివారాల విషయంలో మాకంటే చాలా ముందున్నారు. వాళ్ళకి లెంటు అనే శ్రమదినాలు, త్రిత్వం పట్టవు గానీ ప్రతి ఆదివారానికీ ఒక పేరుంటుంది. అద్భుతాల ఆదివారం, విడుదల ఆదివారం, రెట్టింపు దీవెనల ఆదివారం, వీసా దీవెనల ఆదివారం కూడా చూశాను. బస్టాండు నుంచి బెంజి సర్కిల్ దాకా ఫ్లెక్సీలు. మా వాళ్ళు వాటిని చూసి ముఖం చిట్లిస్తారు. నాకైతే వాళ్ళ ధైర్యం నచ్చుతుంది. వచ్చేవాళ్ళకి ఏం కావాలో అడిగి మరీ పేరు పెట్టారు. నా ఫిర్యాదల్లా ఒకటే, ఆ ఆదివారాలన్నీ వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి ఇస్తామనేవి. వచ్చినవాళ్ళని ఏదైనా చేయమని అడిగే ఆదివారం ఒక్కటీ లేదు, కానుక తప్ప.

ఇక మార్త ఆదివారం. దీనికి నేను ఐదో ఆదివారం అడగడం లేదు, మా మూడో ఆదివారాల్లోదే ఒకటి ఇస్తాను.

మా ప్రేమవిందులు ఎలా జరుగుతాయో మీకు తెలిసే ఉంటుంది. చర్చి వెనక రేకుల షెడ్డు, నాలుగు పెద్ద గుండిగలు, రెండు గ్యాస్ పొయ్యిలు, ఒక కట్టెల పొయ్యి. తెల్లవారుజామున నాలుగింటికి ఉల్లిపాయలు తరగడం మొదలుపెడితే, ఆరాధన అయ్యేసరికి పలావు, కోడికూర, పెరుగు చట్నీ, ఏదో ఒక స్వీటు సిద్ధం. పలావుకి వంటమనిషి వస్తాడు, మిగతాది ఆడవాళ్ళు. వాళ్ళు ఆరాధన వినేది షెడ్డు బయట కట్టిన మైకులో. ఒకసారి లూకా పదో అధ్యాయం మీద ప్రసంగం నడుస్తోంది. మార్త పనుల తొందరలో పడి యేసు పాదాల దగ్గర కూర్చోలేదని, ఆమె సహోదరి మరియ ఉత్తమమైన దానిని ఏర్పరచుకుందని, సహోదరీలు మరియలా ఉండాలని. ఆ మాట మైకులో వినపడినప్పుడు మేం షెడ్డులో కోళ్ళు కడుగుతున్నాం. నా పక్కనున్న వదినగారు చెయ్యి ఆపకుండానే, "మరి ఈ కోళ్ళు ఎవరు కడుగుతారో కూడా చెప్పమనండి" అంది. ఆ వాక్యం మీద అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఎక్కడా చదవలేదు.

మార్త ఆదివారం నాడు షెడ్డు మగవాళ్ళది. ఇందులో మోసాలకి చాలా వీలుంది కాబట్టి నియమాలు కాస్త గట్టిగా రాశాను. క్యాటరింగు చెప్పేయకూడదు. గరిటె పట్టుకుని ఫొటో దిగి వాట్సాప్‌లో పెట్టడం వంట కిందికి రాదు. 'ఉప్పు డబ్బా ఎక్కడుంది' అని ఫోన్లు చేయకూడదు, షెడ్డులోనే ఉంటుంది, వెతుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వంటతో పని అయిపోదు. అడుగంటిన గుండిగ బూడిదా పీచూ పెట్టి తోమి, బోర్లించి, షెడ్డు కడిగి, తాళం వేసి, ఆ తాళం ఎవరి దగ్గరుందో గుర్తుపెట్టుకునేదాకా అది మార్త పనే. మగవాళ్ళు వంట చేయగలరని అందరికీ తెలుసు, పెళ్ళిళ్ళలో చేసేది వాళ్ళే కదా. తెలియంది తర్వాత మూడు గంటల సంగతి. ఆడవాళ్ళు ఆ పూట ముందు వరసలో కూర్చుంటారు, మొదటి పంక్తిలో తింటారు, తిన్నాక ఇంటికి పోతారు. చెయ్యి కడుక్కుని వెనక్కి చూడకుండా పోవడం కూడా కష్టమే, కొందరికి సాధన కావాలి.

కోతల పండుగ గురించి ఒక్క మాట. టౌనులో మాకు కోతలెక్కడివి? శనివారం సాయంత్రం రైతుబజారులో గుమ్మడికాయ కొని, ఆదివారం దేవుడి ముందు పెట్టి, ఆరాధన అయ్యాక అదే గుమ్మడికాయని వేలంలో పదింతలకి పాడి ఇంటికి తెచ్చుకుంటాం. నాకు ఆ వేలం ఇష్టమే. ఒక కోడిపుంజు కోసం ఇద్దరు డాక్టర్లు పంతాలకి పోవడం చూడటానికే నేను ఆ రోజు తొందరగా వస్తాను. కానీ దాన్ని కోత అనడం కోతకి అన్యాయం.

నిజమైన కోత జనవరి నుంచి మార్చి దాకా నడిచే మిరప కోత. తెల్లారకముందే ఆటోల్లో, ట్రాక్టర్లలో కూలీలు పొలాలకి వెళతారు. పండు మిరప చెట్టు మీద ఆగదు, ధర యార్డులో ఆగదు, అందుకని ఆదివారం కూడా ఆగదు. పల్లె సంఘాల్లో ఆ నెలల్లో ఆరాధనకి వచ్చేది ముసలివాళ్ళు, పిల్లలు. భస్మ బుధవారంతో శ్రమదినాలు మొదలయ్యేది కూడా అప్పుడే. నలభై రోజులు ఉపవాసముండి క్రీస్తు శ్రమలు ధ్యానించమని మేం టౌనులో ప్రసంగాలు వింటుంటే, అక్కడ చేతులు మంటలెత్తి రాత్రి అన్నం కలుపుకోలేని వాళ్ళున్నారు. వాళ్ళ హాజరు తగ్గిందని డివిజన్ మీటింగుల్లో విచారం వెలిబుచ్చుతాం, 'విశ్వాసం చల్లారుతోంది' అని. మిరప తోటలో ఏదైనా చల్లారుతుందా? జనవరి 31న టౌను సంఘాలు పదింటికి తలుపులు మూసి, సాయంత్రం ఏడింటికి ఏదో ఒక పల్లెకి వెళ్ళాలని నా మాట. వాళ్ళు స్నానాలు చేసి వచ్చేదాకా కూర్చోవాలి. ఆలస్యంగా వచ్చారని ఎవరూ అనకూడదు. అన్నం మనమే తీసుకెళ్ళాలి, కారం లేకుండా.

ఆగస్టు 29 గడి నింపింది నేను కాదు, విజయవాడని ముంచిన బుడమేరు వాగు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం. ఆ తెల్లవారికి సింగ్ నగర్‌లో మా చిన్నక్క వాళ్ళ వీధి కాలవైపోయింది. కింది వాటాల వాళ్ళందరూ పై వాటాలకి, అక్కడి నుంచి డాబాల మీదికి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోయాయి. ఆ రోజుల్లో పడవల మీద పాలు, నీళ్ళు వచ్చేవి, డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు. అక్క వాళ్ళ డాబా మీద ఏడు కుటుంబాలు ఒకే పొయ్యి మీద వండుకున్నాయి. అందులో సాయిబుల ఇల్లొకటి, రోజూ మైకు గురించి అక్కతో గొడవపడే ఇల్లొకటి. ఆ ఆదివారం ఆరాధన జరగలేదని తర్వాత వారం ప్రకటనల్లో చెప్పారట. డాబా మీద జరిగిందేమిటో ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఎక్కడో ఐరోపాలో తెగుళ్ళు తగ్గినందుకు పెట్టుకున్న పండుగలు ఇప్పటికీ క్యాలెండర్లలో ఉన్నాయి. మన వీధిలో మెడలోతు వచ్చిన నీళ్ళకి ఒక గడి ఉండకూడదా? నియమం చిన్నదే. ఆ రోజు అటూ ఇటూ నాలుగేసి ఇళ్ళ తలుపులు తట్టి, ఇంట్లో ఎవరెవరున్నారో, మందుల మీద ఉన్నవాళ్ళెవరో తెలుసుకుని రావాలి. కరపత్రం తీసుకెళ్ళకూడదు.

కమిటీలో చదవకుండా మడిచి పెట్టుకున్న ఆదివారం ఇంకొకటుంది. దానికి రెండు పేర్ల ఆదివారం అని పెట్టాను. మా బెంచీల మీద కూర్చునే చాలామందికి బాప్తిస్మపు రిజిస్టర్లో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్లో ఒక పేరు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా, హిందువులు కానివారు షెడ్యూల్డు కులాల కిందికి రారంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సడలించారు. మనకి ఇప్పటికీ లేదు. చర్చిలో చేరిన దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు, వాటా ఒక్క శాతం. వాడలో మాత్రం ఏమీ మారదు, నీళ్ళ దగ్గరా, అద్దె ఇంటి దగ్గరా ఎవరూ ఆ ఉత్తర్వు చూసి మాట్లాడరు. దీని కోసం కొత్తగా ఆదివారం కల్పించే అవసరం కూడా లేదు. దేశంలోని ప్రొటెస్టంటు, కాథలిక్ సంఘాల సమాఖ్యలు కలిసి నవంబరు రెండో ఆదివారాన్ని దళిత విమోచన ఆదివారంగా ఎప్పుడో పెట్టాయి. మా క్యాలెండర్లో ఆ గడిలో యువజన ఆదివారం అని ఉంటుంది. నా మిగతా ఆదివారాలకి నవ్వినట్టు దీనికి ఎవరూ నవ్వరని తెలిసే మడిచిపెట్టాను. నవ్వొచ్చినా రాకపోయినా ఆ గడిలో ఆ పేరు అచ్చు వేయాలి. ఇప్పుడు ఇక్కడ రాసేశాను కాబట్టి కమిటీకి కూడా తెలుస్తుంది.

మిగిలింది అక్టోబరు 31. 2027లో ఆ తేదీయే ఆదివారం పడింది. 1517లో అదే రోజున లూథర్ తన తొంభై ఐదు వాదాలు బయటపెట్టారు. ఏటా ఆ కథ పిల్లల చేత నాటకం వేయిస్తాం, అట్టముక్క తలుపుకి కాగితం అంటించి సుత్తితో కొట్టే సీను చప్పట్లతో నడుస్తుంది. ఆ కాగితంలో ఏముందో చదివేది తక్కువ. రోములో పేతురు గుడి కట్టడానికి డబ్బు కావాలని, పాపక్షమాపణ పత్రాలు ఇచ్చి జనం దగ్గర వసూలు చేస్తుంటే, అది తప్పని ఆయన వాదించారు. అంటే మా లూథరన్ సంఘం పుట్టిందే ఒక వసూలు మీద అభ్యంతరంతో. ఆ పండుగ రోజున మేం పంచేది పండుగ కవరు, కింద పేరు, కుటుంబం, మొత్తం.

అందుకని సంస్కరణ ఆదివారం పేరు మార్చక్కర్లేదన్నాను. ఆ ఒక్క రోజు కవరు వద్దు, సంచీ తిప్పొద్దు, పేర్లు చదవొద్దు, వేలం వద్దు, ఇవ్వాలనుకున్నవాళ్ళు గుమ్మం దగ్గర పెట్టెలో ఎవరూ చూడకుండా వేసి వెళ్ళాలి. కరెంటు బిల్లు, ఉపదేశకుల జీతాలు ఎలా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఇంత పెద్ద సంఘం సంవత్సరంలో ఒక్క ఆదివారం అడగకుండా ఉంటే ఏమవుతుందో చూడాలని నాకుంది. పెట్టెలో ఎక్కువ పడినా ఆశ్చర్యపోను, తక్కువ పడినా మనకి మన సంగతి తెలుస్తుంది.

కోశాధికారి గారు చాలాసేపు లెక్కల పుస్తకం వంక చూసి, ఆలోచన మంచిదేనమ్మా అన్నారు. ఆ కొత్త పెట్టె చేయించడానికి, గుమ్మం దగ్గర బిగించడానికి అయ్యే ఖర్చు కోసం ముందు వారం ఒక చిన్న కవరు వేద్దామా అని అడిగారు.